డాబా మీద ఎనిమిదడుగుల గ్రీన్: గోల్ఫ్ స్కోరు వంద లోపుకు దించే ప్రయత్నం

సంక్రాంతి వెళ్ళిన వారం

పండక్కి వచ్చిన చుట్టాలు వెళ్ళిపోయారు, డాబా ఖాళీ అయింది. చాలాకాలంగా అనుకుంటున్న పని ఇవాళ మొదలుపెట్టాను.

గోల్ఫ్ పట్టుకుని ఆరేళ్ళు. విశాఖలో 1884 నుంచి ఉన్న ఈస్ట్ పాయింట్ క్లబ్బు కోర్సులో నెలకు రెండు మూడు సార్లు తెల్లారగట్ల 18 హోల్స్ (బంతిని రంధ్రంలో పడేసే 18 అంచెలు) ఆడతాను. స్కోరు, అంటే మొత్తం కొట్టిన దెబ్బలు, 105కీ 112కీ మధ్యే తిరుగుతోంది. అది ఎంత తగ్గితే అంత మంచిది. వంద లోపు ఒక్కసారైనా రావాలి. కొత్త డ్రైవర్, అంటే బంతిని బాగా దూరం కొట్టే కర్ర (క్లబ్బు), కొంటే వస్తుందేమో అని ఏడాదిగా ఆలోచిస్తున్నాను. కొనేముందు దెబ్బలు ఎక్కడ పోతున్నాయో రాసి చూద్దామని, గత మూడు ఆటలూ జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని ప్రతి దెబ్బా గీతలు గీశాను.

స్కోర్లు 109, 107, 112. వాటిలో పట్టర్‌తో, అంటే రంధ్రం చుట్టూ గడ్డి పొట్టిగా కోసిన గ్రీన్ మీద బంతిని దొర్లించే కర్రతో, కొట్టినవి 40, 42, 41. గ్రీన్ పక్కన 30 గజాల లోపు నుంచి కొట్టి కూడా గ్రీన్ ఎక్కించలేకపోయినవి 9, 8, 11. ఐరన్‌తో (మధ్య దూరాలకు వాడే ఇనుప కర్రతో) నేలను ముందు తవ్వినవి, లేదా బంతి నెత్తిన కొట్టి దొర్లించినవి 12, 10, 13. బంతి పొదల్లోకో హద్దు బయటికో పోయి పడ్డ పెనాల్టీలు 5, 4, 6.

డ్రైవర్ గురించి ఇంతకాలం బాధపడ్డాను గానీ, దాని వాటా ఆటకు అయిదు. ఆరడుగుల లోపు పట్‌లు (పట్టర్ దెబ్బలు) తప్పినవే మూడు ఆటల్లో 19 ఉన్నాయి.

ఒక సంగతి ఇక్కడే రాసుకోవాలి. కొలంబియా విశ్వవిద్యాలయం ఆచార్యుడు మార్క్ బ్రాడీ లక్షల షాట్ల లెక్కలు తీసి, మంచి ఆటగాడికీ మామూలు ఆటగాడికీ మధ్య తేడాలో పెద్ద భాగం గ్రీన్‌కు దూరంగా కొట్టే షాట్లదేనని తేల్చాడు. పట్టింగ్ ఒక్కటీ బాగుపడితే అన్నీ బాగుపడతాయన్న పాత మాట అంత నిజం కాదు. నా పుస్తకంలోనూ తప్పుల లెక్కలో ఐరన్‌దే పెద్ద అంకె. అయినా పట్టింగ్‌తోనే మొదలుపెడుతున్నాను. ఆఫీసు నుంచి వచ్చాక నాకు దొరికేది గంట, అదీ డాబా మీద. ఆ గంటలో పట్టర్, చిప్ (గ్రీన్ పక్క నుంచి కొట్టే చిన్న దెబ్బ) సాధ్యం. ఐరన్ సంగతి తర్వాత, దానికి వేరే చోటు చూడాలి.

మరుసటి ఆదివారం: చెక్కపని

వడ్రంగి మేస్త్రీని పిలిపించాను. ఎనిమిదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పుతో 18 మి.మీ. ప్లైవుడ్ ముక్క. అడుగున రెండంగుళాల రీపర్లు అడ్డంగా అడుగున్నరకొకటి. ఒక చివర అడుగు వదిలి గుండ్రంగా రంధ్రం. దాని కొలత మాత్రం ఖచ్చితంగా ఉండాలని పట్టుబట్టాను. గోల్ఫ్ రంధ్రం వెడల్పు 108 మి.మీ., అంటే నాలుగుంపావు అంగుళాలు. బంతి 42.67 మి.మీ.కి తగ్గకూడదు. అంటే రంధ్రంలో రెండు బంతులు పక్కపక్కన పట్టి ఇంకా కాస్త చోటు మిగులుతుంది. ఆ మాట చెప్పి రెండు బంతులు చేతిలో పెడితే మేస్త్రీ, "ఇంత పెద్ద కన్నంలోకి కూడా పోదా బాబూ?" అన్నాడు. ఆరడుగుల నుంచి తానే ఒకసారి కొట్టి చూశాడు. ఆ తర్వాత రంధ్రం అంచు గరుకు కాగితంతో ఇంకొంచెం శ్రద్ధగా నునుపు చేశాడు.

డాబాకు వాన నీళ్ళు పోవడానికి వాటం ఉంటుంది కదా. మాది ఎనిమిదడుగుల పొడవులో దాదాపు అంగుళం వాలు. చెక్కను అలాగే పెడితే బంతి ఎప్పుడూ ఒకే పక్కకు జారుతుంది, అది నా తప్పో నేల తప్పో తెలియదు. రసమట్టం పెట్టి, పల్లం వైపు రీపర్ల కింద ప్లైవుడ్ ముక్కలు దూర్చుకుంటూ రెండు దిక్కులా మట్టం తెచ్చాం. గంటంపావు పట్టింది. ఈ పని తొందరపడి చేసి ఉంటే మిగతాదంతా వృథా.

పైన పెళ్ళి పందిళ్ళలో పరిచే రకం ఆకుపచ్చ కార్పెట్. మధ్యలో మేస్త్రీ రంగు దారం లాగి కొట్టి, రంధ్రం నడిబొడ్డుకు తిన్నని నీలం గీత వేశాడు. మొత్తం ఖర్చు ఆరు వేల లోపు.

జనవరి చివర

రోజూ వంద పట్‌లు. మొదటి వారం కొట్టడం కన్నా నిలబడటం మీదే పోయింది. అద్దం ముక్క ఒకటి గీత మీద బోర్లా కాకుండా పెట్టి పైనుంచి చూసుకున్నాను. నా కళ్ళు గీత మీద లేవు, రెండంగుళాలు లోపలికి ఉన్నాయి. అందుకే ఇన్నాళ్ళూ సూటిగా గురిపెట్టానని అనుకున్నవన్నీ కుడికి గురిపెట్టినవే. రెండంగుళాలు దగ్గరికి జరిగాక గీత గీతలా కనిపించింది.

తర్వాత గేటు. పట్టర్ తలకు అటు ఒక పది రూపాయల బిళ్ళ, ఇటు ఒకటి, మధ్య చోటు తల వెడల్పు కన్నా అరంగుళం ఎక్కువ. బిళ్ళ తగలకుండా కొట్టాలి. బంతికి అడుగు ముందు మరో రెండు బిళ్ళలు, వాటి మధ్య బంతి దూరేంత చోటు.

ఈ గేటు ఎందుకు ముఖ్యమో లెక్క వేసుకున్నాను. పట్టర్ ముఖం ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే పదడుగుల దూరంలో బంతి రెండంగుళాల పైచిలుకు పక్కకు పోతుంది. రంధ్రంలో సగం వెడల్పు కూడా రెండంగుళాల పైచిలుకే. అంటే పదడుగుల దగ్గర నాకున్న వెసులుబాటు ఒక డిగ్రీ. ఆరడుగుల దగ్గర అదే డిగ్రీకి అంగుళంపావు. అక్కడ కాస్త తప్పినా లోపలికే పడుతుంది. కాబట్టి ఆరడుగుల్లో గురి కుదిరితే చాలు, పదడుగుల మీద బెంగ వద్దు. పీజీఏ టూర్ (అమెరికా ప్రొఫెషనల్ పోటీల) ఆటగాళ్ళు కూడా ఎనిమిదడుగుల నుంచి సుమారు సగమే వేస్తారు. మూడడుగుల నుంచి మాత్రం నూటికి తొంభై తొమ్మిది. మొదటి రోజు ఆరడుగుల నుంచి వందకు 58 పడ్డాయి. నెలాఖరుకు 81.

ఫిబ్రవరి రెండో వారం: చెక్క చెప్పిన అబద్ధం

81 చూసుకుని ఎంతో ఆశతో కోర్సుకెళ్ళాను. స్కోరు 108. పట్‌లు 42.

గురి తప్పలేదు. గీత మీదే వెళ్ళి రంధ్రానికి జానెడు దూరంలో ఆగిపోయినవి తొమ్మిది. దూరం నుంచి కొట్టినవి అయిదారడుగులు ముందే ఆగాయి. బ్యాగు మోసే క్యాడీ బాబాయ్ ముప్ఫయ్యేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాడు. ఎనిమిదో హోల్ దగ్గర నెమ్మదిగా అన్నాడు: "చెయ్యి బాగానే ఎల్తంది బాబూ. ఇంట్లో దేని మీద కొడతన్నారేటి? నున్నటి దాని మీదా?"

ఆ ప్రశ్నతో ఇంటికొచ్చాను. గ్రీన్ ఎంత వేగంగా ఉందో కొలవడానికి స్టింప్‌మీటర్ అనే పరికరం ఉంది. 1930ల్లో ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే అమెరికన్ ఆటగాడు రూపొందించాడు. 36 అంగుళాల గాడి కమ్మీ, చివర నుంచి 30 అంగుళాల దగ్గర బంతి ఆనే నొక్కు. కమ్మీని నెమ్మదిగా ఎత్తితే దాదాపు 20 డిగ్రీల దగ్గర బంతి తనంతట తాను జారి, నేల మీద ఎన్నడుగులు దొర్లిందో అదే ఆ గ్రీన్ అంకె. నేను అల్యూమినియం యాంగిల్ ముక్క కొని అలాగే నొక్కు చేశాను. అసలు దాని గాడి 145 డిగ్రీలు, నాది 90. కాబట్టి నా అంకె అసలు స్టింప్ అంకె కాదు. కానీ ఒకే కమ్మీతో రెండు చోట్లా కొలిస్తే పోలిక దొరుకుతుంది, నాకు కావలసింది అదే.

అడిగి, అనుమతి తీసుకుని, పొద్దున్నే ప్రాక్టీసు గ్రీన్ మీద మట్టంగా ఉన్న చోట ఇటు మూడుసార్లు, అటు మూడుసార్లు దొర్లించాను. సగటు 7 అడుగుల 8 అంగుళాలు. అదే రకం కార్పెట్ మిగిలిన ముక్కను హాల్లో పొడుగ్గా పరిచి కొలిస్తే 11 అడుగుల 2 అంగుళాలు!

ఇన్ని రోజులుగా నా చేతికి తప్పుడు బరువు నేర్పించాను. గురి నేర్పింది నిజమే, కానీ దూరం విషయంలో చెక్క నన్ను మోసం చేసింది. ఇంట్లో సాధన చట్రం చేసుకునేవాళ్ళు అన్నిటికన్నా ముందు ఈ కొలత తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం. నేను మట్టం చూసుకున్నాను గానీ వేగం చూసుకోలేదు.

రెండు రోజుల తర్వాత

కార్పెట్ మీద చెయ్యి రాస్తే ఒక వైపు నున్నగా, ఎదురు వైపు గరుకుగా ఉంది. నూగు ఉంటుంది కదా దానికి. నేను నూగు వాలే దిక్కున కొడుతున్నాను. తిప్పి పరిచి, నూగుకు ఎదురు కొలిస్తే 9 అడుగుల 4 అంగుళాలు. కింద ఒక వరస గోనెసంచులు విప్పి పరిచాక 8 అడుగుల 3 అంగుళాలు. గ్రీన్‌కు దగ్గరికొచ్చింది. చాలు.

ఈ నూగు సంగతి బాబాయ్‌కి చెబితే ఆయనకు ఆశ్చర్యం లేదు. "గడ్డికీ అంతే బాబూ. ఎటు పడుకుంటే అటు పరిగెడతాది." మన వేడికి తట్టుకునే బెర్ముడా జాతి గడ్డి ఒక పక్కకు వాలి పెరుగుతుంది. బంతి వెనక నిలబడి చూసినప్పుడు గడ్డి తెల్లగా మెరుస్తుంటే అది మనకు అవతలికి వాలి ఉన్నట్టు, బంతి వేగంగా పోతుంది. ముదురు ఆకుపచ్చగా కనిపిస్తే మన వైపు వాలినట్టు, గట్టిగా కొట్టాలి. ఆరేళ్ళుగా ఆ మెరుపు చూస్తూనే ఉన్నాను, నీడ అనుకున్నాను.

శివరాత్రి తర్వాత: చిప్

డాబా మీద అసలు బంతితో చిప్ కొట్టకూడదు. పక్కింటి కిటికీలు, కింద పిల్లలు. తూట్లున్న ప్లాస్టిక్ బంతులు తెచ్చాను. ఫిషింగ్ హార్బర్ దగ్గర పాత వల ముక్క అడిగితే ఇచ్చారు, రెండు వెదురు గడలకు కట్టాను. గడ్డికి బదులు కొబ్బరిపీచు పట్టా.

నా తప్పు బాబాయ్ ఎప్పుడో చెప్పాడు. "బంతిని మీరు లేపుతన్నారు. మీరు లేపొద్దు, అదే లేస్తాది." బంతి కిందికి క్లబ్బు దూర్చి మణికట్టుతో ఎగరేయాలని చూడటమే నా రోగం. చిప్‌కు వాడే వెడ్జ్ కర్ర ముఖం వాలుగానే ఉంది, లేపే పని దానిది. నా పని దాన్ని కిందికి దించడం.

బరువు ఎడమ కాలి మీద ముందే వేసి అక్కడే ఉంచడం, పాదాలు దగ్గరగా, చేతులు బంతి కన్నా కొంచెం ముందు, మణికట్లు బిగించి భుజాలతో ఊపడం. అర్థమైనంత తేలిగ్గా శరీరం వినలేదు. చివరికి పని చేసింది తువ్వాలు. రెండు చంకల కింద తువ్వాలు అడ్డంగా ఇరికించుకుని, అది జారకుండా కొట్టాలి. చేతులు విడిపోయి ఎగరేయబోతే తువ్వాలు పడుతుంది. మూడు రోజుల్లో నలభై సార్లు పడ్డది, వారానికి అయిదారుకు తగ్గింది.

కోర్సు పక్కన ప్రాక్టీసు చోటుకెళ్ళినప్పుడు అసలు బంతులతో ఇంకో పని. ముందు చేత్తో విసిరాను. గ్రీన్ అంచు దాటి ఒక అంగ లోపల బంతి ఎక్కడ పడితే రంధ్రం దాకా దొర్లుతుందో చేతికి తెలుస్తుంది. అక్కడ తువ్వాలు పరిచి, రంధ్రం వైపు చూడకుండా తువ్వాలు మీద పడేయడమే గురి. నా చేతిలో 8 ఐరన్‌తో అయితే గాల్లో ఒక వంతు, నేల మీద మూడు వంతులు. పిచింగ్ వెడ్జ్‌తో ఒకటికి రెండు. శాండ్ వెడ్జ్‌తో దాదాపు సమానం. ఇంతకుముందు అన్నిటికీ శాండ్ వెడ్జే తీసేవాణ్ణి. ఇప్పుడు అడ్డం ఏమీ లేకపోతే 8 ఐరనే. బంతి ఎంత తక్కువ ఎగిరితే అంత తక్కువ తప్పు.

మార్చి: భీమిలి ఇసుక

ఐరన్ తప్పుల అంకె నన్ను వదలలేదు. నేలను ఎక్కడ తాకుతున్నానో తెలియాలంటే గుర్తు మిగిలే నేల కావాలి. మన ఊళ్ళో దానికి కరువేముంది! ఆదివారం వేకువన భీమిలి వెళ్ళి, జనం లేని చోట తడి ఇసుక మీద కర్రతో ఇరవై అడుగుల గీత గీశాను. బంతి లేదు. గీత రెండు పాదాల మధ్య ఉండేలా నిలబడి 9 ఐరన్ ఊపడం, ఒక అడుగు ముందుకు జరగడం, మళ్ళీ ఊపడం. చివర తిరిగి చూస్తే ఇసుకలో నా చరిత్రంతా ఉంది. మంచి షాట్‌లో క్లబ్బు బంతిని తాకాకే నేలను తాకాలి, అంటే గంటు గీత మీద మొదలై ముందుకు పోవాలి. నా ఇరవై గంట్లలో పదిహేడు గీతకు వెనకే.

వెనక్కి ఊపినప్పుడు కుడి కాలి మీదికి పోయిన బరువు మళ్ళీ ఎడమకు రావడం లేదు. కొట్టాక కుడి మడమ లేచి, బొజ్జ లక్ష్యం వైపు తిరిగి, ఎడమ కాలి మీదే మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు నిలబడాలని నియమం పెట్టుకున్నాను. అలా నిలబడగలిగిన ప్రతిసారీ గంటు గీతకు ముందు వైపే ఉంది.

రెండో ఆదివారం అత్యాశకు పోయాను. కెరటం తగిలే చోట ఇసుక సిమెంటులా గట్టిగా ఉంటుంది, అక్కడ ఎనభై సార్లు లోతుగా కొట్టాను. ఎడమ మణికట్టు వాచింది. పన్నెండు రోజులు క్లబ్బు ముట్టలేదు. ఇది చదివి ఎవరైనా సముద్రానికి వెళ్తే, కెరటానికి దూరంగా, కాలు కొంచెం దిగే ఇసుక చూసుకోండి. నేలను గీరాలి, తవ్వకూడదు. ముప్ఫై ఊపులు మించొద్దు.

ఆ పన్నెండు రోజులూ పట్టింగ్ కూడా లేదు. సాయంత్రాలు చెక్క దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటే మా ఆవిడ టీ తెచ్చి, "ఏవండీ, మణికట్టు తగ్గేదాకా లెక్కలు చూసుకోండి" అంది. చూశాను. అప్పుడే ఒక సంగతి దొరికింది. నా మూడు పట్‌ల హోల్స్ అన్నిటిలోనూ మొదటి పట్ ముప్ఫై అడుగుల పైనుంచే. ఎనిమిదడుగుల చెక్క మీద అది ఎప్పటికీ బాగుపడదు. అప్పటి నుంచి కోర్సుకు ఇరవై నిమిషాలు ముందే వెళ్ళి, ప్రాక్టీసు గ్రీన్ మీద రంధ్రమే లేకుండా, ఒక అంచు నుంచి ఎదుటి అంచుకు పట్ చేస్తున్నాను. అంచుకు ఎంత దగ్గరగా ఆగితే అంత మంచిది. ఆ రోజు గ్రీన్ వేగం చేతికెక్కడానికి అంతకన్నా మంచి మార్గం నాకు తెలియదు.

ఏప్రిల్

డ్రైవర్‌కు ఒకే ఒక్క పని చేశాను. ముఖం మీద మామూలు ఫేస్ పౌడరు అద్ది ప్రాక్టీసు రేంజిలో పది బంతులు కొట్టాను. బంతి తగిలిన చోట పౌడరు పోయి గుండ్రటి ముద్ర మిగిలింది. ఎనిమిది ముద్రలు కొనవైపు గుంపుగా ఉన్నాయి. బంతికి అంగుళం దగ్గరగా నిలబడ్డాను, ముద్రలు మధ్యకొచ్చాయి. కొత్త డ్రైవర్ ఆలోచన ఆ రోజుతో ఆగిపోయింది.

గాలి మాత్రం విశాఖలో విడిగా నేర్చుకోవలసిన పాఠం. ఎండ ముదిరే కొద్దీ సముద్రం మీది నుంచి గాలి లేస్తుంది. ఎదురుగాలికి గట్టిగా కొట్టబోతే బంతికి సుడి ఎక్కువై ఇంకా పైకి లేస్తుంది, అక్కడే ఆగిపోతుంది. 7 ఐరన్ దూరానికి, ఇంకా దూరం పోయే 5 ఐరన్ తీసి, కురచగా పట్టుకుని, ముప్పాతిక ఊపుతో మెత్తగా కొడితే బంతి కిందుగా పోయింది. మొదటిసారి అలా గ్రీన్ ఎక్కినప్పుడు బాబాయ్ ఏమీ అనలేదు, పట్టర్ తీసి చేతికిచ్చాడు.

2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్ మహిళల గోల్ఫ్ చివరి రౌండు కోసం ఇంటిల్లిపాదీ చీకటితో లేచి టీవీ ముందు కూర్చున్నాం. మన దేశపు అదితీ అశోక్ తన తోటి ఆటగాళ్ళ కన్నా ఎంతో తక్కువ దూరం కొడుతూ, పట్టర్‌తో పోటీలో నిలిచి, ఒక్క దెబ్బ తేడాతో పతకం దగ్గర ఆగి నాలుగో స్థానంలో నిలిచింది. ఒక్క దెబ్బ విలువ ఎంతో నాకు ఆ ఉదయమే గుండెకు తెలిసింది. పుస్తకంలో గీతలు గీస్తున్నప్పుడల్లా ఆమె గుర్తొస్తుంది.

మే మూడో వారం

మణికట్టు బాగయ్యాక ఆడిన ఆటలు: 104, 101, 103, 105, 100. ఆ వందకు రెండు రోజులు నిద్ర సరిగా పట్టలేదు.

ఇవాళ 98.

పుస్తకం: పట్‌లు 35. గ్రీన్ పక్కన చెడినవి 4. ఐరన్ తప్పులు 8. పెనాల్టీలు 4. ఆరడుగుల లోపు తప్పినవి రెండే. ఎక్కడా తొందరపడలేదు. బంతి పోతే నియమం ప్రకారం మూడు నిమిషాలు చూసి వదిలేశాను. 17వ హోల్‌కి లెక్క తెలిసి చేతులు వణికాయి. చివరి పట్ నాలుగడుగులు, గడ్డి ముదురు రంగులో ఉంది, ఎదురు నూగు. నీలం గీత కళ్ళ ముందు పెట్టుకుని, రంధ్రం వెనక గోడకు తగిలేలా కొట్టాను.

బాబాయ్ జెండా పెట్టి, "ఇంకా రెండు పక్కకి జారాయి బాబూ, పదకొండు దగ్గరా, పద్నాలుగు దగ్గరా. వాలు సూడనేదు మీరు" అన్నాడు. నిజమే. నా చెక్క మట్టంగా ఉంటుంది, గ్రీన్ ఎక్కడా మట్టంగా ఉండదు.

సాయంత్రం డాబా మీదికెళ్ళి ఎడమ వైపు రీపర్ల కింద అరంగుళం ముక్కలు దూర్చాను. నీలం గీత మీద కొడితే బంతి రంధ్రానికి కుడిగా నాలుగు వేళ్ళ దూరంలో పోయింది. ఎంత ఎడమకు గురిపెడితే పడుతుందో రేపటి నుంచి రాసుకోవాలి. వానలు మొదలయ్యేలోపు ప్లైవుడ్ అంచులకు రంగు వేయించాలి, టార్పాలిన్ కొనాలి. మేస్త్రీకి ఫోన్ చేశాను, గురువారం వస్తానన్నాడు.